రెండు సాకెట్ల మదర్‌బోర్డు: కొనేముందు ఏం చూడాలి, ఎలా చూడాలి

రెండు సాకెట్ల మదర్‌బోర్డు ఫొటో చూస్తే ఎవరికైనా మనసు లాగుతుంది. మధ్యలో ప్రాసెసర్లు కూర్చునే రెండు పెద్ద సాకెట్లు, వాటికి అటూ ఇటూ బారులు తీరిన ర్యామ్ స్లాట్లు, కింద వరసగా ఎక్స్‌పాన్షన్ స్లాట్లు. పైగా డేటా సెంటర్లు వదిలించుకున్న జియాన్ ప్రాసెసర్లు (ఇంటెల్ సర్వర్ల కోసం చేసేవి) సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరుకుతున్నాయి. ఇంకేం, రెండు బిగించేస్తే వేగం రెట్టింపు అనుకుంటాం. నేనూ అలాగే అనుకుని దిగాను.

నిజానికి ఆ పలక మీద ఉండేవి రెండు కంప్యూటర్లు. వాటి మధ్య ఒక లింకు ఉంటుంది, అంతే. ఏ ప్రాసెసర్ ర్యామ్ దానిది, ఏ ప్రాసెసర్ స్లాట్లు దానివి, ఏ ప్రాసెసర్ కరెంటు దానిది. ఒకే ఇంట్లో రెండు కాపురాలన్నమాట. ఇది బుర్రలో ఉంచుకుని ముందుకు వెళ్తే, కింద చెప్పేవన్నీ ఎందుకు చెప్తున్నానో వాటంతట అవే అర్థమవుతాయి.

మొదటి అడుగు: మీ పనికి రెండు కావాలా?

ఇంట్లో రెండు ప్రాసెసర్లు పెట్టుకునే మోజు కొత్తదేం కాదు. 1999లో ఆబిట్ కంపెనీ బీపీ6 అనే బోర్డు తెచ్చింది. సెలెరాన్ అనే చవకరకం ప్రాసెసర్లు రెండు తెచ్చి పక్కపక్కన బిగించుకోవచ్చు. అప్పట్లో ఒక చిప్పులో ఒకటే కోర్ (లెక్కలు చేసే భాగం) కాబట్టి రెండో కోర్ కావాలంటే రెండో చిప్పు కొనడమే దారి. 2005లో పెంటియం డీ, అథ్లాన్ 64 ఎక్స్2 వచ్చి ఒక్క చిప్పులోనే రెండు కోర్లు ఇచ్చేశాయి. 2020 నాటికి థ్రెడ్‌రిప్పర్ 3990ఎక్స్ ఒక్క సాకెట్‌లో 64 కోర్లు పెట్టింది. అంటే, కోర్ల కోసమే రెండో సాకెట్ కొనాల్సిన రోజులు ఎప్పుడో పోయాయి.

కాబట్టి ముందు ఇప్పుడున్న కంప్యూటర్ మీదే ఒక పరీక్ష చేయండి. మీరు రోజూ గంటలకొద్దీ నడిపే ప్రోగ్రామ్ నడిపించి, విండోస్‌లో టాస్క్ మేనేజర్‌లోనో, లైనక్స్‌లో హెచ్‌టాప్‌లోనో ఒక్కో కోర్ గ్రాఫు చూడండి. ఒక కోర్ నూరు శాతం దగ్గర ఉండి మిగతావి కునికిపాట్లు పడుతుంటే, ఎన్ని కోర్లు తెచ్చి పోసినా లాభం లేదు. అన్నీ నిండుగా పనిచేస్తుంటేనే తర్వాతి మాట. అప్పుడు కూడా హద్దు ఉంటుంది: పనిలో తొంభై శాతం మాత్రమే ముక్కలుగా పంచుకోగలిగేదైతే, కోర్లు ఎన్ని పెంచినా వేగం పది రెట్లు దాటదు. జీన్ ఆమ్డాల్ 1967లో చెప్పిన లెక్క ఇది.

బ్లెండర్‌లో రెండరింగ్, పెద్ద కోడ్ కంపైల్ చేయడం, ఒకేసారి పది పన్నెండు వర్చువల్ మెషీన్లు నడపడం, సిమ్యులేషన్లు: ఇవి రెండు ప్రాసెసర్లనూ వాడుకుంటాయి. ఆటలు, ఫొటో ఎడిటింగ్, మామూలు ఆఫీసు పని వాడుకోవు. ఆటలైతే ఒక్కోసారి ఇంకా మందగిస్తాయి కూడా, పని ఒక ప్రాసెసర్ మీద, దానికి కావలసిన డేటా రెండో దాని ర్యామ్‌లో పడితే.

ఒక పోలిక చెప్తాను. జియాన్ ఈ5-2680 వీ4లో (వీ4 అంటే నాలుగో తరం) 14 కోర్లు, 120 వాట్లు. రెండు పెడితే 28 కోర్లు, 240 వాట్లు. 2022లో వచ్చిన రైజెన్ 9 7950ఎక్స్‌లో కోర్లు పదహారే, అయినా బరువు పనుల్లో ఆ జంటను చాలాచోట్ల దాటేస్తుంది. ఒక్కో కోర్ వేగంలో అయితే పోటీయే లేదు. మరి ఎందుకు కొనాలి? 256 జీబీ, 512 జీబీ ర్యామ్ కావాలనుకునేవాళ్లకు, మూడు నాలుగు కార్డులు పూర్తి వెడల్పుతో పెట్టాలనుకునేవాళ్లకు ఈ దారి ఇంకా పనికొస్తుంది. ఈ5 ప్రాసెసర్ ఒక్కోదానికి 40 పీసీఐఈ లేన్లు (కార్డులకు డేటా వెళ్లే దారులు), రెంటికీ కలిపి 80. మామూలు డెస్క్‌టాప్ ప్రాసెసర్‌లో కార్డులకూ ఎస్‌ఎస్‌డీలకూ కలిపినా అందులో మూడో వంతు ఉండవు. ఈ రెండు అవసరాలూ మీకు లేకపోతే ఇక్కడే ఆగిపోండి, డబ్బు మిగులుతుంది. ఉన్నా సరే, ఏఎమ్‌డీ సర్వర్ ప్రాసెసర్ ఎపిక్ కోసం చేసిన ఒక్క సాకెట్ బోర్డు వైపు ఒకసారి చూడండి. ఒక్క ప్రాసెసర్‌తోనే ఎనిమిది మెమరీ ఛానళ్లు (ర్యామ్‌కు వెళ్లే దారులు), 128 లేన్లు వస్తాయి, రెండు కాపురాల గొడవ ఉండదు.

ప్రాసెసర్ తరం ముందు, బోర్డు తర్వాత

ఇంకా చదువుతున్నారంటే రెండు సాకెట్లే కావాలన్నమాట. సరే. ముందు తెలుసుకోవలసింది, ఏ ప్రాసెసర్ పడితే అది జంటగా నడవదు. కోర్ ఐ7, ఐ9, రైజెన్, థ్రెడ్‌రిప్పర్ ఒంటరివి. జియాన్ ఈ5లో పేరులోనే జవాబు ఉంది: 1600 శ్రేణి ఒకటిగా, 2600 శ్రేణి రెండుగా, 4600 శ్రేణి నాలుగుగా నడుస్తాయి. జియాన్ డబ్ల్యూ-2200, డబ్ల్యూ-3200 లాంటివి పేరుకు జియాన్లే గానీ జతకట్టవు. ఎపిక్ పేరు చివర పీ అక్షరం ఉంటే, జియాన్ స్కేలబుల్ పేరు చివర యూ ఉంటే అవీ ఒంటరివే. ఆ ఒక్క అక్షరం చూసుకోక ఒంటరి రకం రెండు కొనేవాళ్లు ఉన్నారు.

తరాల విషయానికొస్తే నా అభిప్రాయం సూటిగా చెప్తాను. ఎల్‌జీఏ 1366 అనే పాత సాకెట్ బోర్డులు ముచ్చటకు తప్ప వద్దు. ఎల్‌జీఏ 2011లో కూర్చునే ఈ5 మొదటి తరం, వీ2 చవకే, కానీ వాటిలో ఏవీఎక్స్2 (ఒకేసారి ఎక్కువ అంకెల మీద లెక్కలు చేసే ఆదేశాల గుంపు) లేదు. కొత్త ప్రోగ్రామ్‌లు కొన్ని దాన్ని తప్పనిసరి చేశాయి. ఎల్‌జీఏ 2011-3లో కూర్చునే వీ3, వీ4 తరాలు 2014, 2016ల నాటివి. డీడీఆర్4 ర్యామ్, ఏవీఎక్స్2 రెండూ ఉన్నాయి, బోర్డులూ విరివిగా దొరుకుతాయి. ఇంటికి మొదటిసారి కట్టేవాళ్లకు నేను చెప్పేది వీ4. అంతకంటే కొత్తది కావాలంటే 2017లో వచ్చిన జియాన్ స్కేలబుల్‌లు కూర్చునే ఎల్‌జీఏ 3647, ఒక్కో ప్రాసెసర్‌కు ఆరు ఛానళ్లు. ఎపిక్ వైపు వెళ్తే ఎస్‌పీ3 సాకెట్, అందులోనూ 7002 శ్రేణి నుంచి పైకి. 7001 శ్రేణిలో ఒక్కో ప్రాసెసరే లోపల నాలుగు ముక్కలు, ఒక్కో ముక్కకు వేరే ర్యామ్. రెండు పెడితే రెండు కాపురాలు కాస్తా ఎనిమిది అవుతాయి.

2011, 2011-3 పేర్లు దగ్గరగా ఉన్నాయని ఒకదాని ప్రాసెసర్ ఇంకోదాంట్లో పెట్టాలని చూడకండి, కూర్చోదు. వీ3 కోసం వచ్చిన బోర్డులో వీ4 నడవాలంటే బయోస్ (స్విచ్ నొక్కగానే బోర్డును మేల్కొలిపే ప్రోగ్రామ్) కొత్తది ఉండాలి. పాత బయోస్‌తో వస్తే, మార్చడానికి చేతిలో ఒక వీ3 ఉండాల్సి రావచ్చు. అమ్మేవాళ్లను బయోస్ వెర్షన్ ముందే అడగండి. బోర్డు రివిజన్ కూడా అడగండి. ఉదాహరణకు సూపర్‌మైక్రో హెచ్11డీఎస్‌ఐ అనే రెండు ఎపిక్‌ల బోర్డులో 7002 శ్రేణి వాడాలంటే రివిజన్ 2 కావాలి. ఫొటోలో రెండు రివిజన్లూ ఒకేలా కనిపిస్తాయి, తేడా బోర్డు మూల మీద అచ్చేసిన చిన్న అంకె.

ప్రాసెసర్ల జంట ఒకే మోడల్ అయ్యుండాలి. మూత మీద ఎస్‌ఆర్ తో మొదలయ్యే ఐదు అక్షరాల కోడ్ ఉంటుంది, అది రెంటి మీదా ఒకటే ఉంటే నిశ్చింత. కాన్ఫిడెన్షియల్ అని చెక్కి ఉన్నవి పరీక్షలకు చేసిన నమూనాలు, బయోస్ వాటిని గుర్తించకపోవచ్చు. వాడిన ఎపిక్ కొంటే ఇంకో ప్రశ్న వేయాలి: ఇది ఏ సర్వర్ నుంచి తీశారు? కొన్ని పెద్ద కంపెనీల సర్వర్లలో ఒకసారి నడిచిన ఎపిక్, ఆ కంపెనీ బోర్డులకే శాశ్వతంగా ముడిపడిపోతుంది. వేరే బోర్డులో ప్రాణం రాదు.

అన్నిటికంటే ముఖ్యమైన పేజీ

బోర్డు పేరు దొరికింది కదా అని కొనేయకండి. తయారీదారు సైట్ నుంచి దాని మాన్యువల్ దించుకుని, బ్లాక్ డయాగ్రామ్ అనే బొమ్మ ఉన్న పేజీ తెరవండి. నూరు సమీక్షలు చెప్పనిది ఆ ఒక్క బొమ్మ చెప్తుంది. ఈ పని కోసం పావుగంట కేటాయించండి, ఒక కాగితం మీద మళ్ళీ గీసుకోండి.

మొదట, ఏ స్లాట్ ఏ ప్రాసెసర్‌కు వెళ్తోందో చూడండి. ఆరు స్లాట్లున్న బోర్డులో మూడు మొదటి ప్రాసెసర్‌కు, మూడు రెండోదానికి పోవడం మామూలే. కొన్ని బోర్డుల్లో ఈ పంపకం ఎగుడుదిగుడుగా ఉంటుంది. ఇప్పుడు ఒకటి కొందాం, రెండోది తర్వాత చూసుకుందాం అనుకునేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. రెండో సాకెట్ ఖాళీగా ఉంటే దానికి పోయే స్లాట్లన్నీ చచ్చినట్టే, దాని పక్కనున్న ర్యామ్ స్లాట్లు కూడా. గ్రాఫిక్స్ కార్డు అలాంటి స్లాట్‌లో పెట్టి, తెర వెలగడం లేదని బోర్డును తిట్టుకున్నవాళ్లను చూశాను.

రెండోది, స్లాట్ పొడవు వేరు, దాని వెనక ఉన్న లేన్లు వేరు. పొడవులో ఎక్స్16 అయినా తీగలు ఎనిమిదికే ఉండొచ్చు. బొమ్మలో గీత పక్కన రాసి ఉంటుంది, దాన్నే నమ్మండి.

మూడోది, చిప్‌సెట్. సాటా పోర్టులు, యూఎస్‌బీ ఉండేది దాని కిందే, అది దాదాపు ఎప్పుడూ మొదటి ప్రాసెసర్‌కే అంటిపెట్టుకుని ఉంటుంది. కాబట్టి డిస్కులతో ఎక్కువ మాట్లాడే పని మొదటి ప్రాసెసర్ మీద నడపడం మేలు. గ్రాఫిక్స్ కార్డు వాడే ప్రోగ్రామ్‌ను ఆ కార్డు ఏ ప్రాసెసర్ దగ్గర ఉందో దాని మీదే నడపాలి. లేదంటే ప్రతి బైటూ మధ్య లింకు దాటాలి. జియాన్ ఈ5లో ఆ లింకు పేరు క్యూపీఐ, స్కేలబుల్‌లో యూపీఐ, ఎపిక్‌లో ఇన్ఫినిటీ ఫ్యాబ్రిక్. ప్రోగ్రామ్‌కు ఈ భేదం తెలిసి ఉంటే సరే, తెలియనిదైతే సగం సమయం ఆ లింకు దగ్గర ఎదురుచూడటంతోనే సరిపోతుంది.

ఎక్స్99 అని పేరు పెట్టి పెద్దగా తెలియని కంపెనీలు అమ్మే రెండు సాకెట్ల బోర్డులకు ఈ బొమ్మ సాధారణంగా దొరకదు. కొన్నిటిలో చిప్‌సెట్ కూడా పేరులో ఉన్నది కాదు, పాత డెస్క్‌టాప్ బోర్డు నుంచి పీకినది. చవక, చిన్న సైజు, పనిచేసినన్నాళ్లు పనిచేస్తాయి. కొత్త బయోస్ వస్తుందని మాత్రం ఆశ పెట్టుకోకండి.

కేబినెట్‌లో పడుతుందా?

ఏటీఎక్స్ బోర్డు 305 బై 244 మిల్లీమీటర్లు. రెండు సాకెట్లవి ఎక్కువగా ఈఏటీఎక్స్ లేదా ఎస్‌ఎస్‌ఐ ఈఈబీ, అంటే 305 బై 330. సీఈబీ అనే కొలత కాస్త చిన్నది, 305 బై 267. చిక్కెక్కడంటే, ఈఏటీఎక్స్ పడుతుందని పెట్టె మీద రాసే కేబినెట్లు చాలావాటికి 280 దాటితే చోటుండదు. రాతను నమ్మకండి, కేబినెట్ కొలతల పట్టికలో మిల్లీమీటర్లు వెతకండి. పెద్ద కంపెనీల వర్క్‌స్టేషన్ల నుంచి ఊడదీసిన బోర్డులు మరీ చిక్కు: ఆకారం వాటిదే, స్క్రూ రంధ్రాలు వాటివే, కరెంటు కనెక్టర్ కూడా వాటిదే. ఇంట్లో కట్టుకునేవాళ్లకు అవి వద్దు.

నాకు జరిగింది చెప్తాను. బోర్డు కేబినెట్‌లో చక్కగా కూర్చుంది, స్క్రూలన్నీ పడ్డాయి, స్విచ్ నొక్కితే ఫ్యాన్ సగం చుట్టు తిరిగి ఆగిపోయింది. రెండు రోజులు ర్యామ్ మార్చాను, ప్రాసెసర్లు అటూ ఇటూ మార్చాను. చివరికి బోర్డు తీసి చూస్తే, దాని కింద రంధ్రం లేని చోట ఒక ఇత్తడి స్టాండాఫ్ (బోర్డును ఎత్తి నిలిపే చిన్న కాలు). పాత ఏటీఎక్స్ బోర్డు కోసం నేనే బిగించి మరిచిపోయినది. అది వెనక వైపు తగిలి షార్ట్ అవుతోంది. ఈఈబీ రంధ్రాలు ఏటీఎక్స్ రంధ్రాలతో అన్నీ కలవవు. బోర్డును కాగితం మీద పెట్టి రంధ్రాలు గుర్తు పెట్టుకుని, ఆ చోట్ల తప్ప మిగతా స్టాండాఫ్‌లన్నీ ఊడదీయండి.

కూలర్లు

ఎల్‌జీఏ 2011, 2011-3 బోర్డుల్లో కూలర్ స్క్రూల అమరిక రెండు రకాలు. చదరం రకంలో రంధ్రాల మధ్య దూరం 80 బై 80 మిల్లీమీటర్లు, ఇరుకు రకంలో 56 బై 94. ఒకదానికి చేసిన కూలర్ ఇంకోదానికి పట్టదు. బోర్డు పేజీలో నారో ఐఎల్‌ఎం అనో స్క్వేర్ ఐఎల్‌ఎం అనో రాసి ఉంటుంది. నాక్టువా ఎన్‌హెచ్-యూ12డీఎక్స్ ఐ4 లాంటివి రెంటికీ సరిపోతాయి.

సర్వర్లతో వచ్చే, ఫ్యాన్ లేని పొట్టి హీట్‌సింక్‌లు ఇంట్లో పనికిరావు, అవి సర్వర్ పెట్టెలోని హోరుగాలి కోసం చేసినవి. రెండు సాకెట్లూ ఒకదాని వెనక ఒకటి ఉంటే మొదటిదాని వేడిగాలి రెండోదాని మీదకే పోతుంది. కాబట్టి పక్కపక్కన ఉన్నవి మేలు. కాకపోతే అప్పుడు రెండు టవర్ కూలర్లు ఒకదానికొకటి తగలకుండా కొలుచుకోవాలి.

కరెంటు

ఎస్‌ఎంపీఎస్‌కు ప్రాసెసర్ కోసం ఎనిమిది పిన్నుల ఈపీఎస్ కనెక్టర్లు రెండు ఉండాలి, ఒక్కో ప్రాసెసర్‌కు ఒకటి. గ్రాఫిక్స్ కార్డుకు వెళ్లే ఎనిమిది పిన్నుల పీసీఐఈ కనెక్టర్ చూడ్డానికి దీనిలాగే ఉంటుంది, కానీ 12 వోల్టులు, గ్రౌండ్ తారుమారు. బలవంతంగా గుచ్చితే బోర్డు కాలిపోతుంది. మాడ్యులర్ ఎస్‌ఎంపీఎస్ అయితే వేరే కంపెనీ కేబుల్ కలపకండి, ఎస్‌ఎంపీఎస్ వైపు పిన్నుల అమరిక ఎవరిది వాళ్లదే. లెక్క సులువు: 120 వాట్ల ప్రాసెసర్లు రెండు, 250 వాట్ల కార్డు ఒకటి, ర్యామ్, డిస్కులు, ఫ్యాన్లకు ఇంకో వంద. ఆరువందలకు దగ్గరవుతుంది, 750 వాట్లది తీసుకోండి.

ర్యామ్ ఎలా నింపాలి

ఈ బోర్డుల్లో వాడేది ఎక్కువగా ఈసీసీ (తప్పులు సరిదిద్దే ఏర్పాటు) ఉన్న రిజిస్టర్డ్ ర్యామ్. మామూలు డెస్క్‌టాప్‌లలో అది నడవదు, అందుకే వాడినవి చవక. రిజిస్టర్డ్, ఎల్‌ఆర్‌డిమ్ (ఇంకో రకం సర్వర్ ర్యామ్), మామూలువి ఒకే బోర్డులో కలపకూడదు.

ఒక్కో ఛానల్‌కు కనీసం ఒక స్టిక్, రెండు ప్రాసెసర్లకూ సమానంగా: ఇదే సూత్రం. ఈ5 వీ4లో ఒక్కోదానికి నాలుగు ఛానళ్లు కాబట్టి ఎనిమిది స్టిక్‌లు. 3647లో పన్నెండు, ఎస్‌పీ3లో పదహారు. 128 జీబీ కావాలంటే 32 జీబీవి నాలుగు కొనడం కంటే 16 జీబీవి ఎనిమిది కొనండి. నాలుగే పెడితే సగం ఛానళ్లు ఖాళీగా పడి ఉంటాయి. నాలుగూ ఒకే వైపు పెడితే మరీ అన్యాయం, రెండో ప్రాసెసర్ ప్రతిదానికీ పక్కింటికి వెళ్లి అడుక్కోవాలి. ఏ స్లాట్ ముందు నింపాలో మాన్యువల్‌లోనే ఉంటుంది.

సర్వర్ బోర్డు స్వభావం

చాలా బోర్డుల మీద బీఎంసీ అనే చిన్న చిప్ వేరుగా ఉంటుంది, వేరే నెట్‌వర్క్ పోర్టుతో. కంప్యూటర్ ఆపి ఉన్నా, ఇంకో గదిలోంచి ఆన్ చేసి దాని తెర చూడొచ్చు, బయోస్‌లోకి వెళ్లొచ్చు. అలవాటైతే వదల్లేరు. వాడిన బోర్డయితే పాత పాస్‌వర్డ్ చెరిపేయండి, ఆ పోర్టును ఎప్పుడూ నేరుగా ఇంటర్నెట్‌కు కలపకండి.

ఇబ్బందులూ ఉన్నాయి. నెమ్మదిగా, నిశ్శబ్దంగా తిరిగే ఫ్యాన్ పెడితే, అది పాడైపోయిందనుకుని బీఎంసీ అన్ని ఫ్యాన్లనూ గోలగా తిప్పుతుంది. వేగం పెరిగాక ఊరుకుంటుంది, తగ్గగానే మళ్ళీ మొదలు. ఐపీఎంఐటూల్ అనే ప్రోగ్రామ్‌తో బీఎంసీలో కనీస వేగం హద్దు తగ్గిస్తే ఆగుతుంది. స్విచ్ నొక్కాక తెర వెలగడానికి ఒకటి రెండు నిమిషాలు పట్టడం సహజం, పాడైందని కంగారుపడొద్దు. ఆడియో ఉండకపోవచ్చు, స్లీప్ ఉండకపోవచ్చు. డీడీఆర్3 కాలం నాటి బోర్డులు చాలావాటిలో ఎన్‌వీఎంఈ డిస్కు కనిపిస్తుంది గానీ దాన్నుంచి బూట్ కాదు. ఆడియో కావాలంటే వర్క్‌స్టేషన్ కోసం చేసిన ఆసుస్ జెడ్10పీఈ-డీ8 డబ్ల్యూఎస్ లాంటివి వెతకండి.

విండోస్ హోమ్ ఒక్క సాకెట్‌నే గుర్తిస్తుంది, రెండోది ఉన్నట్టే తెలియదు. ప్రో ఎడిషన్ రెంటినీ చూస్తుంది. జియాన్ ఈ5లు విండోస్ 11 అధికారిక జాబితాలో లేవు, విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబర్‌తో ముగిసింది. ఈ యంత్రాలకు లైనక్సే సుఖం.

చేతికొచ్చాక

వాడిన బోర్డయితే డబ్బిచ్చేముందు రెండు సాకెట్ల ఫొటోలు, వెలుతురు ఏటవాలుగా పడేలా తీసినవి అడగండి. ఇంటెల్, ఎపిక్ సర్వర్ సాకెట్లలో పిన్నులు బోర్డు మీదే ఉంటాయి, వంగిన ఒక్క పిన్ను ఒక ర్యామ్ ఛానల్‌నే మింగేయగలదు. వరసలో మెరుపు ఎక్కడ తప్పిందో చూడండి. ఇవ్వనంటే ఆ బోర్డు వదిలేయండి.

కేబినెట్‌లో పెట్టకముందే అట్టపెట్టె మీద ఉంచి పరీక్షించండి. మొదటి సాకెట్‌లో ఒక ప్రాసెసర్, మాన్యువల్ చెప్పిన స్లాట్‌లో ఒక్క ర్యామ్ స్టిక్. బయోస్ కనిపిస్తే అదే ప్రాసెసర్ తీసి రెండోది అక్కడే పెట్టి చూడండి. రెండూ బాగుంటే అప్పుడు రెండు సాకెట్లూ నింపండి, తర్వాత ర్యామ్ మొత్తం. మెమ్‌టెస్ట్86 ప్లస్‌ను ఒక రాత్రంతా నడవనివ్వండి.

లైనక్స్ ఎక్కించాక నుమాసీటీఎల్ అనే ఆదేశాన్ని హార్డ్‌వేర్ ఆప్షన్‌తో నడిపితే చిన్న పట్టిక వస్తుంది. ఈ5 జంటలో రెండు నోడ్లు (ఒక్కో ప్రాసెసర్, దాని ర్యామ్ కలిపి ఒక నోడ్), రెంటి కిందా సమానమైన ర్యామ్, తన ర్యామ్‌కు దూరం 10 అని, పక్కదానికి 21 అని కనిపించాలి. ఒక నోడ్ కింద ర్యామ్ తక్కువగా ఉంటే ఏదో స్టిక్ సరిగ్గా కూర్చోలేదు, లేదా పిన్ను వంగింది. రెండు ప్రాసెసర్లూ ఉండి నోడ్ ఒకటే చూపిస్తుంటే బయోస్‌లో నోడ్ ఇంటర్‌లీవింగ్ (రెంటి ర్యామ్‌నూ ఒకటిగా కలిపి చూపించే అమరిక) ఆన్‌లో ఉంది. దాన్ని ఆపేసి మళ్ళీ చూడండి.